కోడిపిల్లలిస్తే చాలదు, గూడూ కావాలి

అడవి అంచు పల్లెల్లో పెరటి కోళ్లు: దాతలు తెలుసుకోవాల్సిన సంగతులు



పేద కుటుంబాలకు మనం ఇచ్చే సాయాల్లో కుట్టుమిషన్లు, తోపుడు బండ్లు, మేకలు, కోళ్లు ఉన్నాయి. వీటిలో తక్కువ ఖర్చుతో ఎక్కువ ఇళ్లకు చేరేవి కోళ్లే. అన్నిటికన్నా తొందరగా చేజారిపోయేవీ కోళ్లే. కుట్టుమిషను చెడిపోతే బాగు చేయించుకోవచ్చు. కోడి ఒక్క రాత్రిలో పోతుంది, మళ్లీ రాదు.

పోయిన ఏడాది ములకలపల్లి వైపు అడవి అంచున ఉన్న ఒక పల్లెకు వెళ్లాను. మూడు నెలల క్రితం మనం పది కోడిపిల్లల్ని ఇచ్చిన ఇల్లది. భర్త పోయి, ఇద్దరు మనవళ్లను సాకుతున్న పెద్దావిడ. ఊరంతా ఆమెను ఖాలా అంటారు, నేనూ అలాగే పిలుస్తాను. పెరట్లో ఒక్క కోడీ కనిపించలేదు.

"కోళ్లేవి ఖాలా?" అన్నాను.

"పిల్లల్నైతే ఇచ్చారు బేటా, ఫోటో కూడా దిగారు. రాత్రికి అవి యాడ పడుకోవాలో ఎవరూ చెప్పలేదు. వారం రోజులు వంటింట్లో గంప కింద మూశాను. ఒక రాత్రి గంప మీద రాయి పెట్టడం మరిచిపోయా. తెల్లారి చూస్తే ఈకలే ఉన్నయి."

ఆమె మాటలో ఫిర్యాదు లేదు. మరిచిపోయినందుకు తనను తానే నిందించుకుంది. కానీ తప్పు ఆమెది కాదు. పశువైద్యశాలలో చాలా ఏళ్లు పనిచేసిన నేనే ఆ పంపిణీ రోజున పిల్లల్ని లెక్కపెట్టి ఇచ్చి వచ్చాను. గూడు గురించి ఒక్క మాట అడగలేదు. ఈ వ్యాసం ఆ రోజు అడగాల్సిన ప్రశ్నల జాబితా అనుకోండి. మీ సొమ్ము పెరట్లో నిలబడాలంటే ఏమేం కావాలో మీకూ తెలిసి ఉండాలి.

మన నేల ఎలాంటిది

2016 అక్టోబరు 11న ఖమ్మం జిల్లా నుంచి భద్రాద్రి కొత్తగూడెం వేరే జిల్లా అయింది. అశ్వారావుపేట, దమ్మపేట, ములకలపల్లి, పాల్వంచ, బూర్గంపాడు, దుమ్ముగూడెం, చర్ల, ఇవన్నీ అడవినో గోదావరినో ఆనుకుని ఉన్న మండలాలు. పాల్వంచ పక్కన కిన్నెరసాని అభయారణ్యం ఉంది. ఈ పల్లెల్లో కోయ కుటుంబాలు, లంబాడీ తండాలు, వాటి మధ్య అక్కడక్కడ నూర్‌బాషా తదితర ముస్లిం ఇళ్లు ఉంటాయి. కోడి అందరి పెరట్లోనూ ఉంటుంది.

అడవి అంచు కోడికి ఒక విధంగా వరం. పురుగులు, చెదలు, గడ్డిగింజలు, రాలిన ధాన్యం దొరుకుతాయి. దాణా ఖర్చు సగం తగ్గినట్టే. అదే అడవిలోంచి ముంగిస, అడవిపిల్లి, పునుగుపిల్లి, గుంటనక్క, జెర్రిపోతు, నాగుపాము వస్తాయి. పైనుంచి గద్ద వస్తుంది. మే నెలలో కొత్తగూడెం, భద్రాచలం వైపు ఎండ 44, 45 డిగ్రీలు దాటుతుంది. జూలై, ఆగస్టుల్లో గోదావరి పొంగుతుంది. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులు. 2022 జూలైలో 71.3 అడుగులు. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. మనుషులే ఇళ్లు వదిలి వెళ్లిన ఆ రోజుల్లో గంప కింద కోళ్ల సంగతి చెప్పనక్కర్లేదు.

కాబట్టి హైదరాబాదులో మేడ మీద నాలుగు కోళ్లు పెంచుకునే వారికి చెప్పే సలహా ఇక్కడ పనికిరాదు.

ఏ కోడి ఇవ్వాలి

దాతలు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. నాటు కోడి ఏడాదికి 50, 60 గుడ్లు పెడుతుంది. తక్కువే. కానీ తనే పొదుగుతుంది, పిల్లల్ని తనే తిప్పుతుంది, గద్ద నీడ పడితే అరిచి రెక్కల కింద దాచుకుంటుంది. ఆంధ్ర, తెలంగాణ, ఛత్తీస్‌గఢ్, ఒడిశా సరిహద్దు ప్రాంతాల సొంత జాతి అసీల్. ఆ మాటకు అరబ్బీలో మేలైన వంశానికి చెందినది అని అర్థం. గట్టి పిట్ట, మంచి తల్లి. గుడ్లు మాత్రం తక్కువ.

రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే వనరాజ, గ్రామప్రియ అనే రకాలను తయారు చేసింది. వనరాజ మాంసానికీ గుడ్లకూ పనికొస్తుంది, గ్రామప్రియ ముఖ్యంగా గుడ్లకు. పెరట్లో బాగా చూసుకుంటే వనరాజ ఏడాదికి వంద గుడ్లకు అటూఇటూగా, గ్రామప్రియ 150కి పైగా పెడతాయి. రంగురంగుల ఈకలుండటం వల్ల చెట్లల్లో తెల్లకోడిలా దూరానికి కనిపించవు. లోపం ఏమిటంటే ఇవి పొదగడానికి సరిగ్గా కూర్చోవు. వనరాజ పుంజు బరువెక్కితే చురుగ్గా పరుగెత్తి తప్పించుకోలేదు.

అందుకే నా సలహా: ఇంట్లో ఇప్పటికే నాటు పెట్ట ఉంటే మెరుగైన రకాలు కొన్ని ఇవ్వండి, వాటి గుడ్లను నాటు పెట్ట కింద పొదిగించుకుంటారు. అసలు కోళ్లే లేని ఇంటికి రెండు నాటు పెట్టలు, ఒక పుంజు ఇవ్వడం మేలు. బ్రాయిలర్ పిల్లల్ని మాత్రం పెరటికి ఇవ్వొద్దు. అవి షెడ్డు కోసం పుట్టినవి.

గూడు ఎలా ఉండాలి

గూడు అందంగా ఉండాల్సిన పని లేదు. నాలుగు పనులు చేస్తే చాలు: శత్రువును ఆపాలి, గాలి ఆడాలి, తడి చేరకూడదు, శుభ్రం చేయడానికి చెయ్యి పట్టాలి.

పెద్ద కోడి ఒక్కోదానికి రాత్రి పడుకోవడానికి ఒకటి నుంచి ఒకటిన్నర చదరపు అడుగు చోటు కావాలి. పది కోళ్లకు 4 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు గూడు సరిపోతుంది. నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తున, గట్టి కర్రల మీదో ఇటుకల దిమ్మల మీదో నిలపాలి. వెదురు, తాటికమ్మ, పాత చెక్కలు చాలు. కొనాల్సిన వస్తువులు రెండే: అర అంగుళం కన్నుల వెల్డ్ మెష్, తలుపుకు మంచి గొళ్లెం.

ఇక్కడ చాలామంది పొరపాటు చేస్తారు. దుకాణంలో 'కోళ్ల జాలీ' అని అమ్మే ఆరు మూలల పల్చటి వైరు కోళ్లను బయటికి పోకుండా ఆపుతుందే గాని ముంగిసను లోపలికి రాకుండా ఆపలేదు. కుక్క పళ్లతో చింపేస్తుంది, పాము కన్నుల్లోంచి దూరుతుంది. ధర ఎక్కువైనా వెల్డ్ మెష్ కొనాలి.

లోపల ఒక కర్ర అడ్డంగా కట్టాలి. కోడి రాత్రి నేల మీద పడుకోదు, ఎత్తున కూర్చుంటుంది. ఒక్కోదానికి ఆరు నుంచి ఎనిమిది అంగుళాల కర్ర కావాలి. ఒక మూల గడ్డి వేసిన గంప పెడితే గుడ్లు అక్కడే పెడతాయి. కప్పుకు కొంచెం కింద నాలుగు వైపులా మెష్ బిగించిన ఖాళీ వదలాలి, వేడిగాలి అటునుంచి పోతుంది. రేకు కప్పు వేస్తే దాని మీద తాటికమ్మ పరవాలి.

కోళ్లు చీకటి పడేముందే గూటికి చేరతాయి. మన ఇళ్లలో చెప్పడానికి సులువైన గుర్తు ఒకటుంది: మగ్రిబ్ అజాన్ వినగానే లెక్కపెట్టి గొళ్లెం వేయండి. తెల్లారి వెలుగొచ్చాక తెరవండి. ఈ ఒక్క అలవాటు ఎన్నో కోళ్లను కాపాడుతుంది.

గూడు చెప్పే సంగతులు

కోడికి నోరు లేదంటారు గాని, గూడు చూస్తే ఏం జరిగిందో తెలుస్తుంది. మన వలంటీర్లు ఇంటికి వెళ్లినప్పుడు ఈ కిందివి గమనించాలి.

గుడ్లు పెంకుతో సహా మాయమైతే పాము వచ్చినట్టు. పగిలిన పెంకులు పడి ఉంటే ముంగిసో పందికొక్కో కాకో అనుకోవాలి. ఒకే రాత్రి రెండు మూడు కోళ్లు మెడ దగ్గర కొరికి చచ్చిపడి ఉండి, మాంసం పెద్దగా తినకపోతే ముంగిస లేదా పునుగుపిల్లి పని. కోడి మొత్తం లేకుండా పోయి, ఈకలు పెరటి దాకా చెల్లాచెదరుగా ఉంటే అడవిపిల్లి, నక్క, ఊరకుక్కల్లో ఏదో ఒకటి. పగటిపూట పిల్లలే ఒక్కొక్కటిగా తగ్గుతుంటే పైకి చూడండి, గద్దో కాకో ఉంటుంది. నేల గూడైతే గోడ కింద తవ్విన మట్టి చూడండి. చుట్టూ అడుగు లోతున మెష్ పాతితే తవ్వకం ఆగుతుంది.

సాయంత్రం కోళ్లు గూట్లోకి పోకుండా చెట్టెక్కుతుంటే వాటిని తిట్టకండి. గూట్లో నల్లులు ఉన్నట్టే. ఇవి పగలు కర్ర సందుల్లో, గోడ పగుళ్లలో దాక్కుని రాత్రి రక్తం తాగుతాయి. కర్ర కింద తెల్లగుడ్డ పరిచి తెల్లారి చూడండి. ఎర్రటి చుక్కలు కనిపిస్తే నల్లులే. గూడు ఖాళీ చేసి, మరిగిన నీళ్లు పోసి, సందులు మట్టితో పూడ్చి, సున్నం కొట్టాలి. పెరట్లో ఒక మూల పొయ్యి బూడిద, పొడి మట్టి కలిపి గుంటలో పోస్తే కోళ్లు అందులో పొర్లి తమ పేలను తామే దులుపుకుంటాయి. మిర్చికీ పత్తికీ కొట్టే మందును కోడి మీద చల్లడం కొన్ని ఊళ్లలో చూశాను. అది కోడిని చంపుతుంది, ఆ గుడ్డు తిన్న పిల్లలకూ ప్రమాదం.

గూడు దగ్గర ముక్కు మండితే లోపలి కోడి కళ్లు ఎంత మండుతాయో ఆలోచించండి. అది తడిసిన రెట్ట వాయువు. కోడి ఎత్తుకు వంగి వాసన చూడాలి. మీ కళ్లలో నీళ్లొస్తే గాలి చాలట్లేదని అర్థం. తడిసిన ఊక తీసేసి, పొడి వరి ఊక రెండు మూడు అంగుళాల మందాన పరిచి, వారానికోసారి తిరగేయాలి. తీసిన ఊక చెట్లకు మంచి ఎరువు.

గుడ్లు హఠాత్తుగా తగ్గితే కంగారు పడి మందులు కొనొద్దు. ముందు పొదల్లో వెతకండి, కోడి కొత్త చోట పెడుతుండవచ్చు. ఈకలు రాలుస్తుంటే గుడ్లు ఆగడం సహజం. మండే ఎండలోనూ, పగటి వెలుగు తక్కువున్న చలికాలంలోనూ తగ్గుతాయి. పెంకు పల్చబడితే సున్నపు అంశం చాలట్లేదు. నత్తగుల్లలు, ఎండబెట్టిన గుడ్డు పెంకులు పొడి చేసి విడిగా గిన్నెలో పెట్టాలి. రొమ్ము ఎముక చేతికి గట్టిగా తగులుతూ, తిన్నా బరువెక్కకపోతే కడుపులో పురుగులున్నాయేమో చూడాలి. పశువైద్యశాలలో నట్టల మందు అడగాలి.

రెట్టలో రక్తం కనిపిస్తే, ముఖ్యంగా వానాకాలంలో పిల్లలకు, అది కాక్సిడియా. తడి నేలే దానికి మూలం. పొడి ఊక, శుభ్రమైన నీళ్ల గిన్నె, పశువైద్యుడు రాసిన మందు, ఈ మూడూ కలిస్తేనే తగ్గుతుంది. ఇంట్లో మిగిలిన మనుషుల మాత్రలు నలిపి పోయొద్దు.

కొక్కెర తెగులు, వంద డోసుల సీసా

పెరటి కోళ్ల పెద్ద శత్రువు అడవిలో లేదు. అది కొక్కెర తెగులు, ఇంగ్లీషులో రాణిఖేత్ అంటారు. 1920ల చివర్లో కుమావూ కొండల్లోని రాణిఖేత్‌లో దీన్ని మన దేశంలో గుర్తించారు, ఆ పేరే నిలిచింది. కోడి మూలన ముడుచుకుంటుంది, నోరు తెరిచి గురకపెడుతుంది, పచ్చగానో తెల్లగానో పారుతుంది, కొన్నింటికి మెడ తిరిగిపోతుంది. ఒక ఇంట్లో మొదలైతే కొద్ది రోజుల్లో వీధి వీధంతా ఖాళీ అవుతుంది. వచ్చాక మందు లేదు. రాకముందు టీకా ఉంది.

పిల్లలకు అయిదు నుంచి ఏడు రోజుల వయసులో కంట్లోనో ముక్కులోనో ఒక చుక్క, లసోటా లేదా ఎఫ్-1 టీకా. ఎనిమిది వారాలకు ఆర్2బి ఇంజెక్షన్. చిన్న పిల్లలకు ఇంజెక్షన్ వేయకూడదు. తర్వాత పశువైద్యుడి సలహా ప్రకారం ఆరు నెలలకోసారి మళ్లీ వేయించడం మంచిది. టీకాకు వారం ముందు నట్టల మందు పోస్తే టీకా బాగా పడుతుంది. జబ్బుపడిన కోడికి టీకా వేయకూడదు.

ఇంత సులువైతే అందరూ ఎందుకు వేయించరు? దాతలు అర్థం చేసుకోవాల్సిన అసలు విషయం ఇక్కడే ఉంది. ఈ టీకా 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. మామూలుగా ఒక సీసాలో వంద డోసులుంటాయి. తెరిచి నీళ్లు కలిపాక గంట, రెండు గంటల్లో వాడేయాలి, మిగిలింది పారబోయాలి. ఖాలా పెరట్లో పది కోళ్లుంటే మిగిలిన తొంభై డోసులు ఏం చేస్తుంది? సీసా ఖరీదు పెద్దది కాదు. దాన్ని ఐస్ పెట్టెలో మండల కేంద్రం నుంచి తెచ్చి, ఊళ్లో వంద కోళ్లు ఒకేరోజు ఒకచోట దొరికేలా చూడటమే కష్టం.

అంటే టీకా ఒక ఇంటి పని కాదు, ఊరి పని. మనం అయిదు ముస్లిం ఇళ్ల కోళ్లకే టీకా వేసి పక్కనున్న కోయ వాడను వదిలేస్తే ఆ అయిదిళ్ల కోళ్లకూ రక్షణ పూర్తి కాదు. కోడి గోడ దాటుతుంది, తెగులూ దాటుతుంది. పొరుగువారి మేలులోనే మన మేలుందన్నది ఇక్కడ కళ్లకు కనిపించే లెక్క. టీకా రోజు ముందు సాయంత్రం ఊళ్లో చాటింపు వేయించి, తెల్లవారకముందే గూళ్లు తెరవకుండా చూసి, ఇల్లిల్లూ తిరిగి వేయాలి. కోడిని వదిలాక పట్టుకోవడం ఎవరి తరమూ కాదు.

మొదటి నెల

పుట్టిన పిల్లలకు మొదటి వారం సుమారు 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. తర్వాత వారానికి రెండు మూడు డిగ్రీలు తగ్గించుకుంటూ పోవచ్చు. తల్లి ఉంటే ఆ పని తను చూసుకుంటుంది. తల్లి లేని పిల్లలకు బల్బు కింద అట్టతో గుండ్రటి కంచె కట్టాలి. థర్మామీటరు అక్కర్లేదు, పిల్లలే చెబుతాయి. బల్బు కింద కుప్పగా చేరితే చలి. దూరంగా జరిగి నోరు తెరిస్తే వేడి ఎక్కువ. ఒకే పక్కకు చేరితే ఈదురుగాలి వస్తోంది. అంతటా పరుచుకుని తింటూ తిరిగితే సరిగ్గా ఉంది.

అయితే రాత్రిపూట కరెంటు నమ్మకం లేని పల్లెలో, కూలికి పోయే మనిషికి ఈ పని అప్పగించడం న్యాయం కాదు. ఒక్క రాత్రి కరెంటు పోతే పిల్లలన్నీ పోతాయి. కేంద్ర ప్రభుత్వ పెరటి కోళ్ల పథకంలో కూడా నాలుగు వారాలు పెంచిన పిల్లల్నే ఇచ్చేవారు, గూటికి విడిగా సొమ్ము కేటాయించేవారు. అనుభవం నేర్పిన పాఠమది. మనమూ ఒకరోజు పిల్లల్ని ఇవ్వడం మానేయాలి. పిల్ల ఖరీదు కొంచెం ఎక్కువైనా నాలుగు నుంచి ఆరు వారాలు పెరిగి, మొదటి టీకాలు పడ్డవే ఇవ్వాలి.

ఒక చిన్న లెక్క చూడండి. లెక్క కోసమే అనుకుందాం. ఒక నాటు పెట్ట ఏడాదికి మూడుసార్లు పన్నెండేసి గుడ్లు పొదిగి, 21 రోజులకు పదేసి పిల్లల్ని లేపింది. మొత్తం ముప్పై. గూడు, టీకా లేకపోతే పదింటికి నాలుగు మిగిలాయనుకోండి, ఏడాదికి పన్నెండు. గూడు, టీకా ఉండి పదింటికి ఎనిమిది మిగిలితే ఇరవై నాలుగు. పెట్ట అదే, మేత దాదాపు అంతే. పెరిగిన రాబడి మొత్తం బతికించుకోవడంలోంచి వచ్చింది. కొత్తగా పిల్లల్ని పంచడం కన్నా ఉన్నవాటిని నిలబెట్టడమే చౌక.

ఎండ, వరద, మేత

వేసవిలో కోడి రెక్కలు విదిల్చి, నోరు తెరిచి రొప్పుతుంటే దాహమూ వేడీ కలిసి వేధిస్తున్నాయి. నీడలో మట్టికుండ పెంకులో నీళ్లు పోసి రోజుకు మూడుసార్లు మార్చాలి. మేత పొద్దున్నే, చల్లబడ్డాక మాత్రమే వేయాలి. గూటికి పడమటి వైపు తడి గోనె వేలాడదీయాలి.

గోదావరి ఒడ్డు ఊళ్లలో గూడు కట్టేముందు ఒక మాట అడగండి: "2022లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి?" ఊరంతా ఆ గుర్తు చూపిస్తుంది. ఇద్దరు మోయగల చిన్న గూడైతే ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ట్రాక్టరులో ఎక్కించుకోవచ్చు. వరద తగ్గాక పాత ఊక మొత్తం తీసి, సున్నం కొట్టి, ఎండబెట్టాకే కోళ్లను పెట్టాలి.

మేతకు నూకలు, మొక్కజొన్న, జొన్న, తవుడు, కొంచెం వేరుశనగ చెక్క, ఎండుచేపల పొడి, మునగాకు సరిపోతాయి. అడవి పల్లెల్లో పాతకుండలో పేడ, గడ్డి పెట్టి చెదలు పట్టించి పిల్లలకు వేయడం పాత పద్ధతి. పైసా ఖర్చు లేని మాంసకృత్తులు అవి. జాగ్రత్త పడాల్సింది విత్తనాల దగ్గర. మందు పట్టించిన పత్తి, మొక్కజొన్న గింజలు, ఎలుకల మందు, మిర్చి చేలో వాడి పారేసిన మందు డబ్బాలు, ఇవి తిని చచ్చిన కోళ్లను తెగులు వచ్చిందనుకున్న ఇళ్లు చాలా ఉన్నాయి.

సంత, బర్డ్ ఫ్లూ, పందెం

సంతలో అమ్ముడుపోని కోడిని తిరిగి తెచ్చి గూట్లో వదలకండి. కొత్త కోడినైనా, తిరిగొచ్చినదాన్నైనా రెండు మూడు వారాలు విడిగా ఉంచాలి. 2025 ఫిబ్రవరిలో మనకు పక్కనే ఉన్న గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ తేలింది, సరిహద్దుల్లో కోళ్ల వాహనాలను ఆపారు. అలాంటప్పుడు కోళ్లు గుంపుగా చస్తే వెంటనే పశువైద్యశాలకు చెప్పాలి, చేతులతో ముట్టకూడదు. చచ్చిన కోడి మనకు ఎలాగూ హరామ్. జబ్బుపడ్డదాన్ని అగ్గువకు ఇంకొకరికి అమ్మడమూ, చచ్చినదాన్ని వాగులో పడేయడమూ అంతే తప్పు. లోతుగా గుంట తీసి, సున్నం చల్లి పూడ్చాలి.

ఇంకో మాట చెప్పక తప్పదు. సంక్రాంతి ముందు సరిహద్దు దాటి వచ్చే వ్యాపారులు మంచి అసీల్ పుంజుకు మాంసం ధరకు ఎన్నో రెట్లు ఇస్తారు. అది పందెం కోసం. జంతువులను ఒకదానిపై ఒకటి ఉసిగొల్పడాన్ని దైవప్రవక్త (స) వారించారు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కూడా కోడిపందేలను నేరమంటుంది. పేద ఇంటికి ఆ డబ్బు ఎంత పెద్దదో నాకు తెలుసు. అందుకే వద్దని చెప్పి ఊరుకోకుండా, రమజాన్‌కూ పండుగలకూ ఆ పుంజులను న్యాయమైన నాటుకోడి ధరకు మన ఇళ్లవారే కొనే ఏర్పాటు ఉండాలి. కొనేవాళ్లు మీలోనే ఉన్నారు.

మీ సొమ్ము ఎక్కడ పడాలి

అబూ దావూద్ హదీసు సంకలనంలో ఒక కథనం మీలో చాలామంది విని ఉంటారు. సాయం అడగడానికి వచ్చిన ఒక అన్సారీని ఇంట్లో ఏముందని ప్రవక్త (స) అడిగారు. కప్పుకునే బట్ట, నీళ్ల గిన్నె ఉన్నాయన్నాడు. వాటిని రెండు దిర్హములకు అమ్మించి, ఒకటి ఇంటి తిండికి, ఒకటి గొడ్డలికి ఇచ్చారు. తెచ్చిన గొడ్డలికి తమ చేత్తో పిడి బిగించి, కట్టెలు కొట్టి అమ్ముకో, పదిహేను రోజులు కనబడకు అన్నారు. అతను పది దిర్హములతో తిరిగొచ్చాడు.

మనం ఇస్తున్నది పిడి లేని గొడ్డలి. కోడిపిల్ల గొడ్డలి తల లాంటిది. గూడు, టీకా, మూడు నెలల పాటు వచ్చి చూసే మనిషి, ఇవే దాని పిడి.

ఒక సందేహానికి జవాబు. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం జకాత్ సొమ్మును అర్హులకు సొంతంగా అప్పగించాలి. కాబట్టి కోళ్లు, గూడు ఆ ఇంటి ఆడమనిషికి పూర్తిగా సొంతమయ్యేలా ఇస్తే జకాత్ నుంచి ఇవ్వవచ్చు. ఊరంతటికీ వేసే టీకా, ఐస్ పెట్టె, వలంటీరు రాకపోకల ఖర్చు మాత్రం సదఖా నుంచి పెట్టాలి. మీ రసీదు మీద ఏది దేనికో రాయించండి. అనుమానం ఉంటే మీ ఆలిమ్ సాబ్‌ను అడగండి.

శిక్షణకు మనం కొత్తగా ఏమీ కట్టాల్సిన పని లేదు. వైరాలో, కొత్తగూడెం దగ్గర గరిమెళ్లపాడులో కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి. మండలాల్లో పశువైద్యశాలలున్నాయి. ఆడవాళ్లను అక్కడికి తీసుకెళ్లి తీసుకొచ్చే బాధ్యత మనది.

తాళ్లతో కట్టేసి తిండి పెట్టని పిల్లి కారణంగా శిక్ష పొందిన స్త్రీ గురించి, దాహంతో ఉన్న కుక్కకు నీళ్లు తాపి క్షమాపణ పొందిన మనిషి గురించి మన పిల్లలకు చెబుతాం. గూడు లేని ఇంటికి కోడిని ఇవ్వడం కూడా ఆ ప్రాణికి అన్యాయమే.

ఈ ఏడాది ఖాలా ఇంటికి ముందు గూడు వెళ్లింది. ఆమె పెద్ద మనవడూ, పక్కింటి కోయ పెద్దాయనా కలిసి వెదురు కోశారు, మెష్ మనం ఇచ్చాం. ఎత్తు సరిపోలేదని ఆమే ఒకసారి విప్పించి మళ్లీ కట్టించింది. నెల తర్వాత రెండు నాటు పెట్టలు, ఒక పుంజు ఇచ్చాం. నేను పోయిన సాయంత్రం ఒక పెట్ట గంపలో పొదుగు మీద ఉంది. "తీసి చూడకు బేటా, లేస్తది" అంది ఖాలా. చూడకుండానే వచ్చేశాను.